షుగర్ ఉన్నవాళ్ల కంటి పరీక్ష: ఆ ప్రశ్నలకే నాలుగు స్టార్లు

అమ్మకు షుగర్ వచ్చి 16 ఏళ్లు. ఇన్నాళ్లూ కంటి పరీక్ష అంటే మాకు అద్దాల షాపులో అక్షరాలు చదివించడమే, అది చాలదని ఈ కంటి ఆసుపత్రికి వచ్చాకే తెలిసింది.

చుక్కలు వేసి రెటీనా (కంటి లోపలి వెనక పొర) చూడటం చాలాచోట్ల చేస్తారు. ఇక్కడి డాక్టరమ్మ మాత్రం మిషన్ దగ్గరికి పంపకముందే పావుగంట కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. "రాత్రిళ్లు గురక వస్తుందామ్మా? బీపీ మాత్ర ఎప్పుడు వేసుకుంటారు? షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ల నుంచి?" కంటికీ గురకకీ ఏం సంబంధం అనుకున్నాను, ఆవిడే చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం మొదట్లోనే రక్తం అందక దెబ్బతినొచ్చు, నొప్పి ఉండదు, చాలామందికి పొద్దున లేచేసరికి ఒక కంట్లో చూపు కొంత మసకబారి ఉంటుంది. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఇవన్నీ ఆ ముప్పును పెంచేవే. రాత్రి మాత్ర వేసుకున్నాక నిద్రలో బీపీ మరీ పడిపోవడం కూడా కారణం కావచ్చని డాక్టర్ల అనుమానం. అమ్మ ఎడమ కంట్లో ఆ నరం మొదలు పుట్టుకతోనే ఇరుకుగా ఉందని ఓసీటీ స్కాన్‌లో (కంటి లోపలి పొరల్ని ఫొటో తీసే పరీక్ష) చూపించారు. బీపీ మాత్ర మీ అంతట మీరు మానేయొద్దు, టైము మార్చాలేమో మీ ఫిజీషియన్‌ని అడగండి అన్నారు. విటమిన్ బి12 పరీక్ష కూడా రాశారు, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గొచ్చు, బాగా తగ్గితే కంటి నరానికీ దెబ్బే.

తర్వాత, "మీ ఇళ్లల్లో మేనరికాలు ఉన్నాయా? చిన్నప్పుడే షుగర్ వచ్చినవాళ్లు?" అనగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా పిన్ని మనవడికి ఆరేళ్లకే షుగర్ వచ్చింది, వాడి అమ్మానాన్నలది మేనరికం, ఈమధ్య స్కెచ్ పెన్నుల్లో ఎరుపేదో ఆకుపచ్చేదో తేల్చుకోలేకపోతున్నాడు. పిల్లల్లో షుగర్ ఎక్కువగా మామూలు టైప్ 1 రకమే, కంగారు పడొద్దు అంటూనే వుల్ఫ్రమ్ సిండ్రోమ్ గురించి చెప్పారు. చాలా అరుదు. డబ్ల్యూఎఫ్ఎస్1 అనే జన్యువులో లోపం సాధారణంగా అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ రెండూ కలిస్తే వస్తుంది, చిన్నతనంలో షుగర్, ఆ తర్వాత కంటి నరం ఎండిపోవడం, చాలామందికి చెవుడు కూడా. అందులో నరం పాడయ్యేది షుగర్ అదుపు తప్పి కాదు, జన్యువు వల్లే. దొంగతనంగా చాక్లెట్లు తింటున్నావు, అందుకే కళ్లు పోతున్నాయి అని వాణ్ని ఎన్నిసార్లు తిట్టామో. ఇంటికొచ్చేదాకా ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఒక స్టార్ తగ్గించింది ఎదురుచూపులకి. పదింటికి అపాయింట్‌మెంట్ ఇచ్చి పన్నెండున్నరకి పిలిచారు, ఇన్సులిన్ వేసుకుని వచ్చిన పెద్దవాళ్లు తిండి లేకుండా కూర్చున్నారు, పక్కాయనకి చెమటలు పడితే నా సంచిలో బిస్కెట్లు ఇచ్చాను. అక్కడ కనీసం టిఫిన్ దొరికేలా చూడాలి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసకే, బండి మీద వెళ్లకండి, నల్ల కళ్లద్దాలు తీసుకెళ్లండి.

బాబుకి శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఈసారి ఇడ్లీ డబ్బాలో పెట్టుకుని వెళ్తున్నాం.