ఆత్మల ఆవాహన: సొలొమోను వలయమా, జాన్ డీ స్ఫటికమా, అబ్రమెలిన్ ఏకాంతమా?

యూరప్ మంత్రవిద్య మీద ఆసక్తి పుట్టినవారు ఇంటర్నెట్‌లో కాసేపు వెతికితే చాలు, 72 భూతాల ముద్రలు, అంటే వాటి పేర గీసిన గుర్తులు, ఎదురవుతాయి. ఆ వెంటనే వచ్చే ప్రశ్న: ఇదేనా అసలు పద్ధతి, ఇంతకంటే మంచిది ఏదైనా ఉందా? పిలిస్తే ఆత్మలు వస్తాయని నేను నమ్మను. కాబట్టి ఏది బాగా 'పనిచేస్తుంది' అన్న లెక్క నాది కాదు. పిలిచేవాడు తాను పిలిచినదాని ముందు ఏ హోదాలో నిలబడుతున్నాడు, జరిగినదానికి రాతపూర్వకంగా ఏం మిగిలింది అన్న రెండు విషయాలే నాకు ముఖ్యం. ఈ తూకంలో బాగా ప్రచారంలో ఉన్న పద్ధతే తేలిపోతుంది.

ఆ ప్రచారంలో ఉన్నది గోయేషియా. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో కూర్చిన 'లెమెగెటన్' అనే సంకలనంలో ఇది మొదటి భాగం. సొలొమోను రాజు 72 ఆత్మలను ఇత్తడి పాత్రలో బంధించి బబులోను సరస్సులో పడేశాడనీ, నిధి ఉందనుకుని జనం మూత పగలగొడితే అవి బయటపడ్డాయనీ దీని కథ. తంతు కొలతలతో సహా రాసి ఉంది. మాంత్రికుడు నిలబడే వలయం అడ్డుకొలత తొమ్మిది అడుగులు. దానికి రెండడుగుల దూరంలో, మూడడుగుల త్రికోణం. ఆత్మ వచ్చి అందులో నిలవాలి. మాంత్రికుడి నడుముకు సింహచర్మపు పట్టీ. చంద్రుడి వయసు సరిసంఖ్యలో, అంటే రెండు మొదలు పద్నాలుగు రోజుల లోపు ఉండాలి. మన పంచాంగంలో విదియ, చవితి, షష్ఠి అని చూసుకున్నట్టే.

పిలిచినా ఆత్మ రాకపోతే ఏం చెయ్యాలో చెప్పే భాగం దగ్గర ఈ గ్రంథం స్వభావం బయటపడుతుంది. మొదటి మంత్రానికి రాకపోతే రెండోది, దానికీ రాకపోతే ఇంకా కఠినమైనది. అయినా లొంగకపోతే దాని పైనున్న రాజుకు ఫిర్యాదు. చివరికి ఆత్మ ముద్ర రాసిన తోలుకాగితాన్ని గంధకంతో, ఇంగువతో కలిపి నల్లపెట్టెలో పెట్టి, ఇనుపతీగ చుట్టి, కత్తి మొనకు వేలాడదీసి బొగ్గుల నిప్పు మీద కాల్చాలి. పోపులో చిటికెడు పడితే మనకు నోరూరించే ఇంగువ అక్కడ భూతాన్ని లొంగదీసే కంపు! పని పూర్తయ్యాక మర్యాదగా ఉద్వాసన చెప్పడం కూడా ఉంది కానీ, అంతవరకూ నడిచేది సమన్లు, వారెంటు, జప్తు వరస. దేవుడి పేర్లన్నీ ఏకరువు పెట్టేది కూడా ఎదుటివాణ్ణి బెదిరించడానికే.

దీని పుట్టుక కూడా విచిత్రమే. ఈ పట్టికకు మూలం అనదగ్గది యోహాన్ వేయర్ అనే వైద్యుడు 1577లో అచ్చు వేయించిన 69 భూతాల జాబితా. మంత్రగత్తెలని ముద్ర వేసి ఆడవాళ్లను కాల్చడాన్ని ఎదిరించిన మనిషి ఆయన. ఈ పిచ్చి ఎలాంటిదో లోకం చూడాలని జాబితాను తన పెద్ద గ్రంథానికి అనుబంధంగా చేర్చాడు. ఎవరూ వాడుకోకుండా కొన్ని మాటలు కావాలనే వదిలేశాడు. అందులో ముద్రలే లేవు. తర్వాతివాళ్లు ఒక పేరు తీసేసి, నాలుగు పేర్లు కలిపి, 72 ముద్రలు గీసి సొలొమోనుకు అంటగట్టారు. 1904లో దీన్ని అచ్చు వేసిన ఇంగ్లీషు మాంత్రికుడు అలిస్టర్ క్రౌలీ, ఇవన్నీ మనిషి మెదడులోని భాగాలేనని ముందుమాటలో రాశాడు. మరి సొంత మెదడులో ఒక భాగాన్ని కత్తికి కట్టి కాలుస్తానని బెదిరించడం ఏం వైద్యమో ఆయనే చెప్పాలి. ఇంత వివరంగా విధానం చెప్పిన ఈ పుస్తకంలో ఫలానా రాత్రి ఫలానా వాడు పిలిస్తే ఇలా జరిగింది అన్న ముక్క ఒక్కటీ లేదు.

జాన్ డీ దగ్గర అంతా దానికి తలకిందులు. ఎలిజబెత్ రాణికి సలహాలిచ్చిన గణితవేత్త, లండన్ దగ్గర మోర్ట్‌లేక్‌లో గొప్ప గ్రంథాలయం ఉన్న పండితుడు. 1582 మార్చిలో, ఆత్మలు తనకు కనబడతాయని చెప్పుకునే ఎడ్వర్డ్ కెల్లీ ఆయన ఇంటికి వచ్చాడు. వలయం లేదు, కత్తి లేదు. మైనంతో చేసిన తొమ్మిది అంగుళాల గుండ్రటి ముద్ర, దాని మీద పట్టుగుడ్డ, ఆపైన స్ఫటికం. డీ మోకరిల్లి, దేవదూతలను పంపమని దేవుణ్ణి ప్రార్థిస్తాడు, కెల్లీ స్ఫటికంలోకి చూసి కనబడింది చెబుతాడు, డీ రాసుకుంటాడు. ఆ మైనపు ముద్రలు ఈనాటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. డీదని చెప్పే నల్లటి అద్దం కూడా అక్కడే ఉంది. ఆ అగ్నిపర్వత గాజు మెక్సికోలోని పచూకా ప్రాంతానిదని 2021లో రసాయన పరీక్షలు తేల్చాయి.

మిగతా రెండు పద్ధతుల్లో దొరకనిది డీ డైరీలో ఉంది. 1583 మే నెలలో ఒకరోజు మదిమి అనే ఆత్మ ఏడో తొమ్మిదో ఏళ్ల పాపగా కనిపించిందని రాశాడు. జుట్టు ముందువైపు చుట్టి, వెనక పొడవుగా వదిలేసి ఉంది. ఎరుపూ ఆకుపచ్చా మారుతూ మెరిసే గౌను. గదిలో పేర్చిన పుస్తకాల దొంతరల మధ్య ఆ పాప అటూ ఇటూ తిరుగుతుంటే దొంతరలు జరిగి దారి ఇచ్చినట్టుందట. నమ్మినా నమ్మకపోయినా ఆ గది మన కళ్లకు కడుతుంది. గోయేషియాలోని 72 వర్ణనల్లో ఇలాంటిది ఒక్కటి లేదు.

లోపం ఎక్కడుందో కూడా ఆ డైరీయే చూపిస్తుంది. డీకి స్వయంగా ఏమీ కనబడదు, వినబడదు. అంతా కెల్లీ నోటి మాటే. చిత్రమేమిటంటే, ఇవి దేవదూతలు కావు, మోసగాళ్లు అని పదేపదే అనుమానపడినవాడు కెల్లీ. అన్నీ నమ్మినవాడు డీ. ఇద్దరూ కుటుంబాలతో పోలండు, ప్రాగ్ తిరిగారు. 1584లో క్రాకోలో దేవదూతల భాషలో మంత్రాలు అందుకున్నారు. నేరుగా పలికితే శక్తులు కదులుతాయన్న భయంతో మొదట్లో వాటిని వెనక నుంచి ముందుకు, అక్షరం తర్వాత అక్షరంగా చెప్పించుకున్నారు. 1587లో బొహీమియాలోని త్రెబోన్‌లో అదే మదిమి పెద్దదై వచ్చి, మీరిద్దరూ భార్యలను పంచుకోండని ఆజ్ఞాపించింది. డీ భార్య జేన్ ఏడ్చింది, వణికింది. చివరకు నలుగురూ ఒడంబడిక మీద సంతకాలు చేశారు. 1589లో డీ కెల్లీని వదిలి ఇంగ్లండ్ తిరిగి వెళ్లాడు. భక్తితో మొదలైనదే కదా అని ఈ పద్ధతిని వెనకేసుకొచ్చేవాళ్లు త్రెబోన్ పేజీలు తప్పక చదవాలి. భూతాన్ని బెదిరించడం వెర్రి అయితే, గొంతు తియ్యగా ఉందని దేనికైనా తలూపడం అంతకంటే ప్రమాదం.

అయినా డీ ఏదీ దాచుకోలేదు, తనను వెర్రివాణ్ణి చేసే సంగతులు కూడా. డీ పోయాక ఆ కాగితాల్లో కొన్ని ఒక పెట్టె రహస్య అరలో ఉండిపోయాయి. పెట్టె కొనుక్కున్న మిఠాయి వ్యాపారి ఇంట్లో 1662 ప్రాంతంలో అవి బయటపడితే, వంటమనిషి సగం దాకా వంటకాల కింద పరిచేసింది. మిగిలినవి 1672లో పాత రాతప్రతులు సేకరించే ఇలియాస్ ఆష్మోల్ చేతికి చేరాయి.

మూడోది అబ్రమెలిన్. వర్మ్స్ పట్టణానికి చెందిన అబ్రహాము అనే యూదుడు ఈజిప్టులో అబ్రమెలిన్ దగ్గర నేర్చుకుని, తన కొడుకు లామెక్‌కు రాసినట్టు చెప్పే గ్రంథం ఇది. 1458 నాటిదని తనకు తాను చెప్పుకుంటుంది. పారిస్‌లో ఉన్న ఫ్రెంచి రాతప్రతిని, గోల్డెన్ డాన్ అనే రహస్య మాంత్రిక సంఘం పెద్ద మేథర్స్ 1890లలో ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇక్కడ ఆత్మలను పిలవడం చిట్టచివరి పని. ముందు ఆరు నెలలు ఏకాంతం, తెల్లవారకముందూ పొద్దుగూకాకా ప్రార్థన, మితాహారం, దానం. తన రక్షక దేవదూత దర్శనమయ్యాకే ఆ దూత అండతో భూతరాజులను పిలవాలి. ప్రార్థన గది ముందు అరుగు మీద కనీసం రెండు వేళ్ల మందాన నది ఇసుక పరచాలి, భూతాలు నిలబడేది ఆ ఇసుకలోనే. గోయేషియాలో మహారాజుగా వెలిగే పైమోన్, ఇక్కడ నలుగురు పెద్ద రాజుల కింద పనిచేసే ఉపరాజుల్లో ఒకడు. ఎంత హోదా తగ్గిందో చూడండి.

చెయ్యాలనే పట్టుబట్టేవాళ్లకు మూడింటిలో నేను కాస్త మెత్తబడేది దీని దగ్గరే. ప్రార్థనా మితమూ ఎవరికీ హాని చెయ్యవు. అయితే అన్ని నెలలు పని మానుకుని కూర్చోగల ఆస్తి ఉండాలి, ఇల్లు ఉండాలి. క్రౌలీ 1899లో ఇందుకోసమే స్కాట్లండ్‌లో లాక్ నెస్ సరస్సు ఒడ్డున బోలెస్కిన్ భవనం కొన్నాడు. అరుగు మీద ఇసుక కూడా పోయించాడు. మధ్యలో ఆ సంఘంలో మేథర్స్ వర్గపు తగాదా వస్తే అంతా వదిలేసి పారిస్ పరుగెత్తాడు. ఒంటరితనం మనసును ఎలా పిండుతుందో తెలిసినవారు మాత్రం ఆరు నెలలనే చాలా ఎక్కువ అంటారు. జర్మన్ ప్రతుల్లో అది పద్దెనిమిది నెలలు.

చదవడానికైతే నా ఓటు సందేహం లేకుండా డీకే. పండితుడు మెరిక్ కాసబాన్ 1659లో అచ్చు వేసిన డీ కాగితాల సంపుటంతో మొదలుపెట్టవచ్చు. వచ్చినవి పిశాచాలేనని వాదించే ఆయన ముందుమాటను మాత్రం తర్వాతకు ఉంచుకోండి. అబ్రమెలిన్ చదివితే ఫ్రెంచి నుంచి వచ్చినది కాక, జర్మన్ ప్రతుల ఆధారంగా వచ్చిన కొత్త కూర్పు తీసుకోండి. మేథర్స్ ప్రతిలో, మంత్రంగా వాడే అక్షరాల చతురస్రాలు చాలావాటిలో ఖాళీలు ఉంటాయి. గోయేషియాను చివరికి వదిలేయండి, అదీ వేయర్ జాబితాను పక్కన పెట్టుకునే చదవండి.