ఇంటికొచ్చిన బ్యాలెట్: మంగళగిరిలో మా నాయనమ్మ ఓటు

2024 ఎన్నికల్లో మా నాయనమ్మ గడప దాటకుండా ఓటేసింది. ఎనభై ఐదేళ్లు దాటినవాళ్ల ఇంటికే బ్యాలెట్ పట్టుకొచ్చి ఓటు వేయించుకునే సేవ అది. మా వాడలో చాలామందికి ఇలాంటిది ఒకటుందనే తెలియదు. తెలిసినవాళ్లలోనూ కొందరు "మన ఇంట్లో, వాళ్ల కళ్లముందు వేస్తే ఎవరికేశామో తెలిసిపోదూ?" అని భయపడి వద్దన్నారు. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

మాది మంగళగిరి నియోజకవర్గం. బయటివాళ్లకి మంగళగిరి అంటే పానకాల నరసింహస్వామి, చేనేత చీరలు. మాకు వాటితోపాటు 12 అనే అంకె కూడా. 2014లో ఇక్కడ ఆళ్ల రామకృష్ణారెడ్డి గారు గంజి చిరంజీవి గారి మీద 12 ఓట్ల తేడాతో గెలిచారు. ఒకరికి 88,977, ఇంకొకరికి 88,965. పోలింగ్ జరిగిన ఆ మే 7న నేను హైదరాబాద్‌లో ఉన్నాను, తమ్ముడు బెంగళూరులో, బాబాయి పిల్లలిద్దరూ చెన్నైలో. నలుగురి ఓట్లూ మంగళగిరిలోనే. నలుగురం రాలేదు. ఎండలన్నాం, టికెట్లు దొరకలేదన్నాం, మన నాలుగు ఓట్లతో ఏమవుతుందిలే అనుకున్నాం. మే 16న ఫలితం వచ్చిన సాయంత్రం నాయనమ్మ ఫోన్ చేసి ఒకటే మాట అంది: "మీరు నలుగురు. మనలాంటి ఇళ్లు ఇంకో రెండు. అంతేనే అమ్మాయ్ పన్నెండంటే."

మేం నలుగురం ఎవరికి వేసేవాళ్లమో ఆవిడ అడగలేదు. ఇప్పటికీ అడగదు. కానీ ఆ రోజు నుంచి నేను ఒక్క ఎన్నిక కూడా వదల్లేదు.

నాయనమ్మ మగ్గం ఇంటికి కోడలిగా వచ్చింది. తాతయ్య గుంట మగ్గంలో కూర్చుంటే ఈవిడ కండెలు చుట్టి అందించేది. 1955 ఎన్నికలప్పటికి ఆవిడకి ఇరవై ఒకటి నిండలేదు, అప్పట్లో ఓటు హక్కు ఆ వయసుకే. అసెంబ్లీకి మొదటి ఓటు 1962లో వేసింది. ఆ ఏడు ఇక్కడ గెలిచింది కమ్యూనిస్టు పార్టీ నాయకుడు వేములపల్లి శ్రీకృష్ణ. ఆవిడకి ఎన్నికలు ఏళ్లతో గుర్తుండవు, మనుషులతో గుర్తుంటాయి. 1994లో సీపీఎం తరఫున నిమ్మగడ్డ రామమోహనరావు, ఆ తర్వాత రెండుసార్లు వరసగా మురుగుడు హనుమంతరావు, 2009లో కాండ్రు కమల. 2024లో నారా లోకేశ్ మీద పోటీ చేసిన లావణ్య గారు ఆ హనుమంతరావు గారి కోడలు, ఈ కమల గారి కూతురు. అందుకని నాయనమ్మ "ఇద్దరు ఎమ్మెల్యేల ఇంటి పిల్ల" అనేది. మా ఊళ్లో ఎన్నికంటే సగం చుట్టరికాల ముచ్చటే.

అలాంటి మనిషికి 2019 ఏప్రిల్ 11 నరకమైంది. ఎండ మాడ్చేస్తోంది. మేం వెళ్లిన కేంద్రంలో యంత్రం మొదట పనిచెయ్యలేదు. లైను గేటు దాటి రోడ్డు మీదకొచ్చింది. వీల్‌చైర్ ఉందన్నారు గానీ మెట్ల పక్కన ర్యాంపు ఎంత ఏటవాలుగా ఉందంటే, వెనక నుంచి తొయ్యడానికి ఇద్దరు కావాల్సొచ్చింది. ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. 2024 రాగానే ఇంట్లో అందరూ "ఈసారికి వద్దులే" అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. నాకది చాలా బాధేసింది.

అప్పుడే మా బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి (బీఎల్‌వో) ఫారం 12డి తెచ్చిచ్చారు, ఇంటి నుంచే ఓటేస్తానని అడిగే కాగితం అది. ఒక్క కాగితమే. పేరు, ఓటరు కార్డు నంబరు, చిరునామా, సంతకం. పైసా ఖర్చు లేదు, ఎక్కడికీ తిరగక్కర్లేదు. 85 దాటినవాళ్లకీ, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్నవాళ్లకీ ఈ వీలుంది. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఆ కాగితం వాళ్ల చేతిలో ఉండాలి. ఆంధ్రలో నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది కాబట్టి తిప్పికొడితే ఐదు రోజులే. ఇంకో సంగతి, ఒకసారి ఇంటి ఓటుకి ఒప్పుకుంటే పోలింగ్ రోజు బూత్‌కి వెళ్లి వేస్తానంటే కుదరదు, జాబితాలో పేరు పక్కన గుర్తు పెట్టేస్తారు. సంతకం పెట్టే ముందు పెద్దవాళ్లకి ఇది విడమర్చి చెప్పాలి. నాయనమ్మకి చెప్తే, "బూత్‌కి వెళ్తే నలుగురూ కనపడతారే" అని కాసేపు ఆలోచించి అప్పుడు సంతకం పెట్టింది.

వాళ్లు మే మొదటి వారంలో వచ్చారు. ఏ రోజు వస్తారో ముందే చెప్పారు కాబట్టి నేను కూకట్‌పల్లి నుంచి సెలవు పెట్టి వచ్చాను. మొదటిసారి వచ్చినప్పుడు మనిషి ఇంట్లో లేకపోతే ఇంకోసారి వస్తారు, మూడోసారి రారు. నాయనమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, పండక్కి కట్టుకునే జరీ అంచు చీర కట్టుకుని కూర్చుంది. పడుకోమంటే చీర నలుగుతుందంది. మధ్యాహ్నానికి వాకిట్లో జీపు ఆగింది. ఇద్దరు పోలింగ్ ఉద్యోగులు, ఒక పరిశీలకుడు, వీడియో తీసే అబ్బాయి, ఒక కానిస్టేబుల్. రెండు పార్టీల ఏజెంట్లు కూడా వచ్చి వసారాలో నిలబడ్డారు.

గుట్టు గురించి భయపడేవాళ్ల కోసం ఇక్కడి నుంచి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కార్డు చూసి, జాబితాలో ఫొటోతో పోల్చుకున్నారు. పోలింగ్ ఆఫీసరమ్మ నాయనమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "మామ్మగారూ, గులాబీ రంగు కాగితం ఎమ్మెల్యేకి, తెల్లది ఎంపీకి. మీకు నచ్చిన ఒక్క పేరుకి ఎదురుగా గుర్తు పెట్టండి, రెండింటికి పెడితే ఓటు పోతుంది" అని నిదానంగా రెండుసార్లు చెప్పింది. బియ్యం డబ్బా మీద పీట వేసి, దాని మీద మూడు వైపులా మూసుండే అట్టపెట్టె లాంటి తెర పెట్టారు. "చూపు సరిగ్గా ఆనకపోతే ఇంట్లోవాళ్లు ఒకరు సాయం చెయ్యొచ్చు" అన్నారు. నేను ఒక అడుగు ముందుకేశాను. నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు బయటికెళ్లమ్మా. నేనేసుకుంటా."

అందర్నీ గుమ్మం బయటికి పంపారు, నాతో సహా. కెమెరా అబ్బాయి మాత్రం లోపలే, తెరకి అవతలి గోడకి ఆనుకున్నాడు. కాగితం మీద ఏం రాస్తోందో అక్కడి నుంచి కనపడే వీలే లేదు. నాకు కిటికీలోంచి నాయనమ్మ వీపు, ముడి, భూతద్దం పట్టుకున్న ఎడమ చెయ్యి మాత్రం కనపడ్డాయి. ఆ భూతద్దం పేర్ల వెంట చాలాసేపు కిందికి పాకింది. మధ్యలో ఒకసారి ఆగి మళ్లీ పైకెళ్లింది. ఒక్కరు కూడా తొందరపెట్టలేదు. ఆ తర్వాత పెన్ను మూత పెట్టిన చప్పుడు. ఆవిడ కాగితాన్ని, నేసిన చీర మడత పెట్టినట్టే మడిచింది, అంచుకి అంచు కలిపి, బొటనవేలితో గీత తీసి. తన చేత్తోనే చిన్న కవర్లో పెట్టి జిగురు రాసింది. ఆ బ్యాలెట్ ఇచ్చింది తనకేనని రాసిచ్చే డిక్లరేషన్ మీద సంతకం పెట్టాక ఆ కాగితాన్నీ చిన్న కవరునీ కలిపి పెద్ద కవర్లో పెట్టి అంటించారు. రెండు ఓట్లకీ వేరువేరుగా. మొత్తం అరగంట పట్టింది.

లెక్కింపు రోజు ముందు ఆ డిక్లరేషన్ సరిచూసి పక్కన పెడతారు, లోపలి కవర్లు ఆ తర్వాత తెరుస్తారు. అందులో సంతకం లేకపోతే ఓటు చెల్లదు. ఆఫీసరమ్మ వెళ్లే ముందు సంతకాలు మళ్లీ ఒకసారి చూసుకున్నారు. నాకు బాగా నచ్చింది అదే. వాళ్లు ఆ రోజు తిరగాల్సిన ఇళ్లు ఇంకా ఉన్నాయి, అయినా మా ఇంట్లో ఇదొక్కటే పని అన్నట్టు చేశారు. మజ్జిగిస్తామన్నా తీసుకోలేదు.

ఇక తగ్గించిన మార్కు సంగతి. అది వచ్చినవాళ్ల తప్పు కాదు. మా ఎదురింటి మామ్మ నాయనమ్మ కంటే పెద్దది. నాయనమ్మ కాపురానికొచ్చేసరికే ఆవిడకి ఇద్దరు పిల్లలు. కానీ ఓటర్ల జాబితాలో ఆవిడ వయసు 83. ఎప్పుడో ఎవరో మనిషిని చూసి అంచనాగా వేసిన అంకె అది. ఆ తరంలో ఎంతమందికి పుట్టినరోజు కాగితాలున్నాయి? ఇంతకుముందు ఈ వీలు 80 దాటినవాళ్లకే ఉండేది, 2024 మార్చిలో దాన్ని 85 చేశారు. పాత నిబంధనే ఉండుంటే మామ్మకి కూడా ఇంటికే వచ్చేవాళ్లు. మే 13న ఆవిడని నేనే ఆటోలో తీసుకెళ్లాను. ముందు రోజు రాత్రి హైదరాబాద్ నుంచి కిక్కిరిసిన బస్సులో నిద్రలేకుండా వచ్చిన నాకే లైనులో నిలబడటం కష్టమైంది, ఇక ఆవిడ సంగతి చెప్పక్కర్లేదు. ఎనభై దాటాక మూడేళ్లు అటో ఇటో అయినా మోకాళ్ల నొప్పి మారదు. ఆ వయసు మళ్లీ 80కి తేవాలి.

రెండో లోటు చిన్నది. పేర్లు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో వేయాల్సింది. ముసలివాళ్ల కోసమే తెచ్చే కాగితం భూతద్దం పెట్టి చదవాల్సి రావడం బాగోలేదు.

ఆ ఎన్నికలో ఇక్కడ లోకేశ్ గారు 91,413 ఓట్ల మెజారిటీతో గెలిచారు. 2019లో ఆయనే 5,337 ఓట్లతో ఓడిపోయారు. 1985 తర్వాత టీడీపీ ఇక్కడ గెలవడం అదే మొదటిసారి. అంత మెజారిటీ వచ్చినచోట ఒక ముసలామె ఓటు కోసం ఇంత హడావిడి ఎందుకని మా బంధువొకాయన అన్నారు. మే మొదటి వారంలో భూతద్దం పట్టుకుని కూర్చున్న మనిషికి మెజారిటీ ఎంతొస్తుందో తెలియదు కదా. 2014లో మాకూ తెలియలేదు.

జూన్ 4 పొద్దున ఎనిమిదికి టీవీలో పోస్టల్ బ్యాలెట్ల లెక్కింపు (ఇంటి ఓట్లు కూడా వాటిలోనే) మొదలైందని చెప్పగానే నాయనమ్మ దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది. "ముందు మావే తెరుస్తారంటగా" అంది. తొమ్మిదయ్యాక కూడా కాఫీ ముట్టుకోలేదు.

ఇప్పుడు నేను ఎదురింటి మామ్మకి ఫారం 8 నింపుతున్నాను, వయసు సరిచేయించడానికి. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది, సంవత్సరం కూడా జాబితాలో ఉన్న తప్పుదే. ఆవిడకి తెలిసిందల్లా తను శ్రీరామనవమి మర్నాడు పుట్టానని. ఏ ఏడో తేల్చడానికి నాయనమ్మ మంచం పక్కన కూర్చుని, ఇద్దరూ తమ పెద్దపిల్లల వయసుల నుంచి వేళ్ల మీద వెనక్కి లెక్కపెడుతున్నారు.