జొన్నచేల మధ్య సుద్దకొండలు: కాన్సస్‌లోని గోవ్ కౌంటీలో రెండు రాత్రులు

కాన్సస్ సిటీ నుంచి డెన్వర్ వెళ్లే మన వాళ్లకు పడమటి కాన్సస్ అంటే పాటలు పెట్టుకుని, ఎప్పుడు అయిపోతుందా అని మైలురాళ్లు లెక్కపెట్టుకునే దారి. నేనూ ఏడేళ్లలో చాలాసార్లు అలాగే దాటేశాను. గత సెప్టెంబరులో మా నాన్న వచ్చారు. నంద్యాల దగ్గర మెట్ట సేద్యం చేసిన మనిషి. నయాగరా చూపించాను, న్యూయార్క్ చూపించాను. "బాగానే ఉన్నాయి కానీ, ఇక్కడి రైతు ఎక్కడున్నాడురా? ఒక్కడూ కనపడడే" అన్నారు. ఆ మాట మీదే పడమటి కాన్సస్‌లోని గోవ్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) బయలుదేరాం.

ఈ కౌంటీ విస్తీర్ణం 1,072 చదరపు మైళ్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది 2,718 మంది. కౌంటీ కేంద్రమైన గోవ్ సిటీ పేరులో సిటీ ఉంది గానీ జనాభా 80. మా అపార్టుమెంటులో ఒక్క బ్లాకులో అంతకంటే ఎక్కువ మందిమి ఉంటాం. ఉన్నవాటిలో పెద్ద ఊరు క్వింటర్, అక్కడా వెయ్యి మంది లేరు.

ముందుగా ఒక సలహా. కాన్సస్ సిటీ వైపు నుంచి వచ్చేవాళ్లు తిన్నగా కొండల దగ్గరికి వెళ్లకండి. దారిలో హేస్ పట్టణంలో స్టెర్న్‌బర్గ్ మ్యూజియం ఉంది. అక్కడ 14 అడుగుల చేప శిలాజం ఒకటి, దాని కడుపులో ఆరడుగుల ఇంకో చేప, ముళ్లతో సహా చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. 1952లో గోవ్ కౌంటీ సుద్దనేలలోనే దొరికింది. నాన్న దాని ముందు చాలాసేపు నిలబడి, "ముల్లు గుచ్చుకుని చచ్చి ఉంటుంది" అని తేల్చారు. మనం వెళ్తున్న ఎండు మైదానం సుమారు ఎనిమిది కోట్ల ఏళ్ల క్రితం సముద్రపు అడుగు అని పుస్తకంలో చదివితే ఒంటికి పట్టదు. ఆ చేపను చూశాక పడుతుంది. మేము గతంలో ఒకసారి ఈ మ్యూజియాన్ని తిరుగు ప్రయాణానికి వాయిదా వేసి, తీరా వచ్చేసరికి మూసే వేళ దాటిపోయి చూడలేకపోయాం.

మొదటి రాత్రి హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం. 95 డాలర్లు. నాన్నకు మోకాళ్ల నొప్పి, కింది అంతస్తులో గది కావాలని ఫోను చేసి మరీ చెప్పాను, సరేనన్నారు. వెళ్లేసరికి పైఅంతస్తు గదే మిగిలింది, లిఫ్టు లేదు. కౌంటర్ దగ్గరి కుర్రవాడు క్షమించమన్నాడే గానీ చేయగలిగింది ఏమీ లేదన్నాడు. నాన్న మెట్లకు ఎదురుగా ఒక నిమిషం నిలబడి, రెయిలింగు పట్టుకుని ఎక్కారు. రాత్రంతా లారీల హోరు. పరుపు మాత్రం శుభ్రంగా ఉంది, వేడి నీళ్లు ధారాళంగా వచ్చాయి. డెన్వర్ దారిలో ఒక్క రాత్రి నడుం వాల్చడానికి చాలు. ఈ ప్రాంతం చూడటానికే వచ్చినవాళ్లకు మాత్రం పనికిరాదు.

రెండో రాత్రికి కంకర రోడ్డు మీద పొలాల నడుమ పాత రైతు ఇల్లు ఒకటి అద్దెకు తీసుకున్నాం. 140 డాలర్లు. మూడు గదులు, పెద్ద వంటిల్లు, ముందు వరండా, చుట్టూ మరో ఇల్లు లేదు. సగం ధర ఎక్కువైనా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. వంటిల్లు ఉండటమే ముఖ్యం. ఈ ఊళ్లలో శాకాహారికి దొరికేది గ్రిల్డ్ చీజ్, వేయించిన బంగాళాదుంపలు, అంతే. ఆదివారం అవీ కష్టం, దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి. మేము రైస్ కుక్కరూ గోంగూర పచ్చడీ వెంట తెచ్చుకోబట్టి బతికిపోయాం. గాలి దిశ మారినప్పుడు ఎక్కడిదో పశువుల దొడ్డి వాసన గుప్పుమంటుంది. నాకు ఇబ్బందిగానే ఉంది, నాన్న గమనించినట్టే లేరు. రాత్రి వరండా దీపం ఆర్పేస్తే పాలపుంత తెల్లగా, చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా కనిపించింది. నాకు ముప్పై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు మా ఊళ్లో మిద్దె మీద చూశాక మళ్లీ అదే చూడటం.

ఇక కొండలు. మూడు చోట్లు చూశాం, మూడింటికీ తేడా ఉంది.

మాన్యుమెంట్ రాక్స్ ఓక్లీ పట్టణానికి దక్షిణంగా పాతిక మైళ్ల దూరంలో ఉన్నాయి. చదునైన గడ్డి మైదానంలో ఏ సూచనా లేకుండా 70 అడుగుల వరకూ లేచిన సుద్ద గోడలు, మధ్యలో కిటికీల్లాంటి రంధ్రాలు. కంటికి కనపడని సముద్రపు నాచు పెంకులు కోట్ల కొద్దీ పేరుకుని ఏర్పడిన రాయి ఇది. చేత్తో రాస్తే బడిలో సుద్దముక్కలాగే వేళ్లకు అంటుకుంటుంది. 1968లోనే జాతీయ ప్రకృతి చిహ్నంగా గుర్తించారు, అయినా ఇప్పటికీ ప్రైవేటు భూమే. టికెట్ లేదు, కాపలా లేదు, మరుగుదొడ్డి లేదు, మంచినీళ్లు లేవు. యజమాని మర్యాదగా చూసి పొమ్మంటున్నాడు, జనం మాత్రం మెత్తటి రాయి కదా అని పేర్లు చెక్కారు. మా లేపాక్షి గోడల మీద పేర్లు రాసే బుద్ధి ఒక్క మన దేశపుదే అనుకునేవాణ్ని. పొద్దుగూకే వేళకు వెళ్లండి, మధ్యాహ్నం ఎండలో ఆ తెలుపు కళ్లలో పొడుస్తుంది.

లిటిల్ జెరూసలేం పక్కనున్న లోగన్ కౌంటీలోది. 2019లో రాష్ట్ర పార్కుగా తెరిచారు, మేము వెళ్లినప్పుడు కారుకు 5 డాలర్లు. మూడింటిలో నడవడానికి అన్నిటికన్నా సులువు ఇక్కడే. చదునైన బాట, కొసన నిలబడితే కింద లోయ నిండా శిఖరాలు. కానీ పైనుంచి చూడటమే, సొంతంగా కిందికి దిగనివ్వరు. రాయి అంత పెళుసు కాబట్టి ఆ నియమాన్ని తప్పుపట్టలేను. మోకాళ్ల నొప్పులవాళ్లను తీసుకెళ్తే మొదటి ఎంపిక ఇదే. నా మనసు మాత్రం మాన్యుమెంట్ రాక్స్ దగ్గరే ఉండిపోయింది. అక్కడ గోడకు వీపు ఆన్చి కూర్చోవచ్చు.

క్యాజిల్ రాక్ దగ్గర మా తెలివి బయటపడింది. క్వింటర్ నుంచి దక్షిణంగా పదిహేను మైళ్లు కంకర రోడ్డు, చివర్లో పచ్చిక మీద ఉత్త చక్రాల జాడ. ముందు రోజు వాన పడింది. ఇంటి యజమాని, డెబ్బై దాటిన రైతు, "ఈ రోజు వద్దు, ఎండనివ్వండి" అన్నాడు. మేము వెళ్లాం. రెండు మైళ్లు ఉందనగా కారు నాలుగు చక్రాలూ జిగురు పట్టుకుని, స్టీరింగు ఎటు తిప్పినా అది పోదలచుకున్న వైపే పోయింది. ఫోనుకు సిగ్నల్ లేదు. ఎలాగో వెనక్కి తిప్పుకుని పడ్డాం. "నల్లరేగడిలో వానయ్యాక బండి కట్టేవాణ్నా నేను?" అని నాన్న అడిగారు. మర్నాడు ఉదయం అదే దారి గట్టిగా, హాయిగా ఉంది. 1865లో ఈ స్మోకీ హిల్ దారిన పడమటికి వెళ్లే గుర్రపు బళ్లకు ఆ రాతి స్తంభాలే ఆనవాలు. అన్నిటికన్నా ఎత్తైన స్తంభం 2001లో గాలివానకు కూలిపోయింది. మిగిలినవి చూస్తే ఇవైనా ఎన్నాళ్లో అనిపిస్తుంది. స్తంభాల ఫొటో తీసుకుని తిరిగిపోకండి. వాటికి దక్షిణంగా గట్టు మీదికెక్కితే కనిపించే కోతపడ్డ సుద్ద వాగుల లోయే ఈ చోటికి అసలు అందం.

ఇంత చెప్పినా, నాన్నకు కొండల మీద ధ్యాస తక్కువ. ఆయన చూసింది దారి పక్కల పొలాలే. రోడ్లు మైలుకొకటి చొప్పున గళ్లు గీసినట్టుంటాయి, గడికి 640 ఎకరాలు. మొదటి గడిలో నడుము ఎత్తు కూడా లేని పైరు, ఇటుక రంగు కంకులు. కారు ఆపమన్నారు. దిగి కంకి వంచి, నలిపి, నోట్లో వేసుకుని, "జొన్నరా!" అన్నారు, తప్పిపోయిన చుట్టం కనిపించినట్టు. ఇక్కడివాళ్లు మైలో అంటారు. అమెరికాలో జొన్న అన్నిటికన్నా ఎక్కువ పండేది కాన్సస్‌లోనే. మనుషులు తినేది తక్కువ, ఎక్కువగా పశువుల దాణాకూ ఇథనాల్‌కూ పోతుంది.

రెండో ఆశ్చర్యం బీడు. సంవత్సరానికి వాన సుమారు 20 అంగుళాలే కాబట్టి ఇక్కడ చాలామంది మూడేళ్లలో రెండు పంటలే తీస్తారు: గోధుమ, ఆ తర్వాత జొన్న, ఆపైన నేల తడి దాచుకోవడానికి కొన్నాళ్లు ఖాళీ. కొయ్యకాళ్లు తీయకుండా అలాగే వదిలేస్తారు, దున్నరు కూడా. కొన్ని గడుల్లో అప్పుడే గోధుమ విత్తుతున్నారు, అది చలికాలమంతా నేలలో ఉండి జూన్ చివరికి కోతకొస్తుంది. నాన్న ఇంటి యజమానితో గంట మాట్లాడారు. మధ్యలో నేను అనువాదకుణ్ని, సగం మాటలకు నా అవసరం లేకపోయింది. ఇంత భూమికి ఎంతమంది పనివాళ్లని అడిగితే ఆయన తననూ కొడుకునూ చూపించాడు. నాన్న ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి పికప్ డ్రైవరూ స్టీరింగు మీంచి చూపుడువేలు ఎత్తి పలకరిస్తాడు. రెండో రోజుకు నాన్న ముందు సీట్లో కూర్చుని తనే ముందుగా వేలెత్తడం మొదలుపెట్టారు.

జొన్నరొట్టె సంగతి చెబితే యజమాని నమ్మలేదు. గాదె లోంచి నిరుటి గింజలు ఒక బకెట్ నిండా తెచ్చిచ్చి, డబ్బు తీసుకోలేదు. పిండి పట్టించే దారి లేక ఆ రాత్రి గుగ్గిళ్లు ఉడకబెట్టాం. గంటన్నర ఉడికినా పలుకు పోలేదు, ఉప్పూ కారం చల్లుకుని నమిలాం. మిగిలినవి ఇంటికి తెచ్చి మిక్సీలో పొడి చేసి జల్లించి రొట్టె కొట్టారు నాన్న. అంచులు చీలాయి, రంగు నలుపు తిరిగింది. "కొత్త పిండికి ఇంకాస్త వేడి నీళ్లు పట్టాలి" అంటూ రెండోది మొదలుపెట్టారు.

వెళ్లాలనుకునేవాళ్లకు: క్వింటర్‌లోనో ఓక్లీలోనో పెట్రోలు నిండా పోయించుకోండి, కొండల దారిలో దొరకడం కష్టం. మ్యాపు ముందే ఫోనులో దింపుకోండి. కోతలు చూడాలంటే జూన్ చివర్లో వెళ్లండి. నవంబరులో ఫెజెంట్ పక్షుల (నెమలికోళ్ల) వేట మొదలవుతుంది, అప్పుడు ఇళ్లన్నీ వేటగాళ్లతో నిండిపోతాయి. మేము వచ్చే జూన్‌కు అదే ఇల్లు చెప్పి ఉంచాం, కింది గదితో సహా.