రీడ్–సైమన్ మూడో సంపుటం: కొనొచ్చు, కానీ మొదటిది చదివాకే

రీడ్, సైమన్‌ల గణిత భౌతికశాస్త్ర సంపుటాల్లో మూడోది, స్కాటరింగ్ థియరీ (కణాలు, తరంగాలు దేన్నైనా తాకి చెదరడం గురించిన సిద్ధాంతం), సెకండ్ హ్యాండ్‌లో తెప్పించుకున్నాను. ‘కొత్తదానిలా ఉంది’ అని రాసి అట్ట ఊడినది పంపారు, అది వేరే గొడవ. పుస్తకమంతా ఒకటే అధ్యాయం, మొదటి సంపుటం నుంచి లెక్కేస్తే 11వది! తమాషా ఏంటంటే నాలుగో సంపుటం 1978లో వస్తే ఇది 1979లో వచ్చింది.

నాకు బాగా నచ్చింది కుక్ పద్ధతి. స్వేచ్ఛగా సాగిపోయే తరంగం మీద పొటెన్షియల్ (తరంగాన్ని చెదరగొట్టే బలక్షేత్రం) ప్రభావం ప్రతి క్షణం ఎంతుందో చూసి, కాలమంతా కూడుకుంటూ పోతే ఆ మొత్తం అనంతం కాకపోతే చాలు, వేవ్ ఆపరేటర్ (స్వేచ్ఛగా సాగే చలనాన్ని పొటెన్షియల్ ఉన్న అసలు చలనంతో కలిపే గణిత సాధనం) ఉన్నట్టే. కంప్లీట్‌నెస్ (పొటెన్షియల్‌లో చిక్కుకోని ప్రతి తరంగమూ చివరికి స్వేచ్ఛగా సాగిపోతుందని చూపడం) దగ్గర మాత్రం చెమటలు పట్టాయి, దాన్ని రుజువు చేసే కాటో–బిర్మన్ సిద్ధాంతం భాగం మూడుసార్లు చదివాను. శబ్దం, కాంతి చెదరడం గురించీ ఉంది. మొదటి సంపుటంలో ఉన్న ఫంక్షనల్ అనాలిసిస్ (అనంత పరిమాణాల స్పేస్‌ల గణితం) రాకుండా కొంటే అలమారాకే అందం.