మైక్రోటిక్ హెక్స్ రౌటర్: ఫాస్ట్‌ట్రాక్ ఆపితేనే ఆఫీసుకు పనికొస్తుంది

నెట్ నెమ్మదించగానే చిన్న ఆఫీసులు లైన్‌ను 100 నుంచి 200 ఎంబీపీఎస్‌కు పెంచుకుంటాయి. చాలాచోట్ల ఆ డబ్బు దండగే. ఒక కంప్యూటర్ గూగుల్ డ్రైవ్‌కు బ్యాకప్ పంపుతుంటే అప్‌లోడ్ మొత్తం నిండిపోతుంది. మిగతావాళ్ల ప్యాకెట్లు దాని వెనకే నిలబడతాయి, వీడియో కాల్ తెగుతుంది. దీన్ని సరిచేసే సౌకర్యం లాట్వియా కంపెనీ మైక్రోటిక్ వారి హెక్స్, అంటే ఆర్‌బీ750జీఆర్3 మోడల్‌లో ఉంది. ఐదు గిగాబిట్ పోర్టులు, 880 మెగాహెర్ట్జ్ డ్యూయల్ కోర్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. వైఫై లేదు, యాక్సెస్ పాయింట్ విడిగా కొనాలి.

మైక్రోటిక్ రౌటర్లలో నడిచే సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ 7లో క్యూ టైప్స్‌కు వెళ్లి, లైన్‌ను అందరికీ సమంగా పంచే కేక్ రకం క్యూ (ప్యాకెట్ల వరుస) ఒకటి తయారుచేయండి. సింపుల్ క్యూలో టార్గెట్ 192.168.88.0/24 (ఆఫీసు కంప్యూటర్ల డిఫాల్ట్ ఐపీ శ్రేణి) పెట్టి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండింటికీ ఆ కేక్‌నే ఎంచుకోండి. 100 ఎంబీపీఎస్ లైన్‌కు మ్యాక్స్ లిమిట్ 90ఎం/90ఎం చాలు. ఆ పది శాతం వదులుకుంటేనే క్యూ మోడెమ్‌లో కాకుండా రౌటర్‌లో ఏర్పడుతుంది, దాన్ని మనం అదుపు చేయగలం.

ఇంత చేసినా ఏమీ మారలేదని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. కారణం ఫాస్ట్‌ట్రాక్, అంటే ప్యాకెట్లను వేగంగా పంపే అడ్డదారి. డిఫాల్ట్ ఫైర్‌వాల్‌లో ఉండే ఆ రూల్ ట్రాఫిక్‌ను సింపుల్ క్యూ దగ్గరికి రానివ్వదు. దాన్ని డిజేబుల్ చేసి రౌటర్‌ను రీబూట్ చేయాలి, లేకపోతే అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు పాత దారినే పోతాయి. తర్వాత పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తూ గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ నడిపి చూడండి. జవాబు వచ్చే సమయం పెద్దగా పెరగకపోతే పని అయినట్టే. ఫాస్ట్‌ట్రాక్ ఆగాక ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది కాబట్టి గిగాబిట్ లైన్ ఉన్నవాళ్లకు ఈ మోడల్ వద్దు.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ లైన్‌ను క్విక్ సెట్ అనే సులువు సెటప్ పేజీలో కాకుండా చేత్తో అమర్చితే, పీపీపీఓఈ ఇంటర్‌ఫేస్‌ను వ్యాన్ (WAN, బయటి నెట్ వైపు) లిస్టులో చేర్చడం మరవకండి. లేదంటే రౌటర్‌కు నెట్ వస్తుంది, కంప్యూటర్లకు రాదు.

నిర్వహణకు కంప్యూటర్‌లో నడిచే మైక్రోటిక్ ప్రోగ్రామ్ విన్‌బాక్స్ చక్కటి సాధనం. ఏ ఐపీ లైన్‌ను తినేస్తోందో అందులోని టార్చ్‌లో అప్పటికప్పుడే కనిపిస్తుంది. దూరం నుంచి సెట్టింగులు మార్చేటప్పుడు సేఫ్ మోడ్ నొక్కండి, పొరపాటున కనెక్షన్ తెగితే మార్పులు వాటంతటవే వెనక్కి పోతాయి. డిఫాల్ట్ ఫైర్‌వాల్‌ను మాత్రం చెరిపేయొద్దు. 2018లో విన్‌బాక్స్ లోపం బయటపడినప్పుడు దెబ్బతిన్నవి విన్‌బాక్స్ వాడే 8291 పోర్టు బయటికి తెరిచి ఉన్న, అప్‌డేట్ చేయని రౌటర్లే. బ్యాకప్ ఫైల్ అదే పెట్టెకు ఉద్దేశించింది, వేరే మోడల్‌కు మారేటప్పుడు సెట్టింగులను టెక్స్ట్‌గా రాసే ఎక్స్‌పోర్ట్ ఫైల్ కావాలి. వెర్షన్ 7 ఎక్స్‌పోర్ట్‌లో పాస్‌వర్డ్‌లు రావాలంటే షో-సెన్సిటివ్ జోడించాలి.

ఈ రౌటర్ 8 నుంచి 30 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి బజారులో దొరికే 12 వోల్టుల రౌటర్ యూపీఎస్ సరిపోతుంది. కరెంటు పోయే ఊళ్లలో ఇది పెద్ద సుఖం.

అసలు లోటు 16 ఎంబీ స్టోరేజ్. అదనపు ప్యాకేజీలు వేస్తే అప్‌డేట్‌కు చోటు చాలదు. ఇప్పుడు కొనేవాళ్లు 2024లో వచ్చిన కొత్త హెక్స్ అడగండి, అందులో 512 ఎంబీ ర్యామ్, 128 ఎంబీ స్టోరేజ్ ఉన్నాయి.