రాయగడ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం చూపే సైట్లను ఏళ్ల తరబడి వాడాక

దూరం అంకెని నమ్మొచ్చు. దాని పక్కన వేసే ‘ప్రయాణ సమయం’ మాత్రం నమ్మి టికెట్ తీయకండి.

రెండు విమానాశ్రయాల మధ్య అతి దగ్గరి దూరం చూపే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ సైటులో ఊరి పేరు బదులు విమానాశ్రయం మూడక్షరాల కోడ్ కొట్టాలి. వీటీజెడ్ నుంచి ఎస్‌ఎఫ్‌ఓకి, అంటే రాయగడవాళ్లు రైల్లో వచ్చి విమానం ఎక్కే విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి, సుమారు 13,300 కిలోమీటర్లు. ముందుగా మైళ్లలో 8,260 చిల్లర చూపిస్తుంది. దాన్నే కిలోమీటర్లనుకుని ‘అబ్బో, దగ్గరే’ అనేవాళ్లున్నారు, యూనిట్ మార్చుకోండి.

అయితే నేరుగా విమానం లేనప్పుడు ఆ 13,300 దేనికీ పనికిరాదు. కోడ్‌ల మధ్య అడ్డగీత పెట్టి దారంతా కొట్టాలి. సింగపూర్ మీదుగా 2,900, ఆపైన 13,600, మొత్తం 16,500. ఢిల్లీ మీదుగా 13,760. కాగితం మీద ఢిల్లీయే దగ్గర. అక్కడ నాలుగు గంటలు ఆగాలా, పద్నాలుగా అన్నదాన్నిబట్టి ఆ లాభం కాస్తా పోతుంది. రెండు వేర్వేరు పీఎన్‌ఆర్‌లైతే సామాను బయటికి తెచ్చుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాలి. అలాంటప్పుడు కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి.

ఇక టైము. చాలా సైట్లు దూరాన్ని గంటకి 850 కిలోమీటర్ల వేగంతో భాగించి, ఎక్కడం దిగడానికి ఓ అరగంట కలిపేస్తాయి. విశాఖ-సింగపూర్‌కి ఆ లెక్క సరిపోతుంది, నాలుగు గంటలు. సింగపూర్-శాన్‌ఫ్రాన్సిస్కోకి పదహారున్నర అంటుంది. వెళ్లేటప్పుడు వెనకగాలి తోడై పదిహేను చిల్లరకే దిగుతారు, వచ్చేటప్పుడు అదే గాలికి ఎదురొచ్చి దాదాపు పదిహేడు పడుతుంది. పైన పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ సంగతి భాగహారానికి తెలీదు. ఎయిర్ ఇండియా 2016 అక్టోబరులో ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాని పసిఫిక్ మీదుగా తిప్పింది. మ్యాప్ గీత కాదు, నిజంగా ఎగిరే దూరం 13,900 కాస్తా 15,300 కిలోమీటర్లయింది, టైము మాత్రం తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. మూసిన గగనతలం బెడద కూడా ఉంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు దారి మూశాక పడమటి ప్రయాణాలు చుట్టుతిరుగుడయ్యాయి, మ్యాప్‌లో గీత మాత్రం అక్కడే ఉంది.

అసలు టైము కావాలంటే విమానాల కదలికలు చూపే ఫ్లైట్‌రాడార్24లో విమానం నంబరు కొట్టి, గత వారం రోజుల్లో ఎన్ని గంటలు ఎగిరిందో చూడండి. ఊరికే చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

గడియారంతో ఇంకో తిప్పలు. ఓ సైటు టికెట్ మీది దిగే టైములోంచి ఎక్కే టైము తీసేసి లెక్క చెప్పేది. చలికాలంలో సింగపూర్‌లో పొద్దున 9.15కి బయల్దేరిన విమానం అదే తేదీన పొద్దున 8.30కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతుంది, అంటే మైనస్ 45 నిమిషాల ప్రయాణమట! రెండు ఊళ్ల గడియారాల మధ్య పదహారు గంటల తేడా కలిపితే 15 గంటల 15 నిమిషాలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఆ తేడా పదిహేనే. మనకీ శాన్‌ఫ్రాన్సిస్కోకీ అయితే అప్పుడు పన్నెండున్నర, చలికాలంలో పదమూడున్నర.

ఏ సైటూ కలపనిది రాయగడ నుంచి విశాఖ. రైల్లో దాదాపు 200 కిలోమీటర్లు, నాలుగు గంటలు, బండి లేటు వేరే. సింహాచలంలో ఆగే బండైతే అక్కడే దిగండి, విశాఖ స్టేషన్‌కన్నా విమానాశ్రయానికి అదే దగ్గర. విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారితే విజయనగరంలో దిగాలి, టికెట్ మీద విమానాశ్రయం పేరు చూసి మరీ రైలు టికెట్ తీయండి.