టూసాన్ విమానాల యార్డు: బస్ టూర్ లేకపోయినా వెళ్లొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, ఎడారిలో వేల పాత మిలిటరీ విమానాలు వరసలు కట్టి నిలబడిన ఫొటోలు చూసి, వాటి మధ్య తిరిగి రావచ్చు అనుకుని అరిజోనా బయల్దేరకండి. ఆ యార్డు టూసాన్ ఊళ్లో డేవిస్-మోంథన్ ఎయిర్‌ఫోర్స్ బేస్ లోపల ఉంది. పక్కనే ఉన్న పీమా ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం వాళ్లు ఒకప్పుడు బస్సులో లోపలికి తీసుకెళ్లి తిప్పేవాళ్లు, కోవిడ్ టైమ్‌లో అది ఆగింది, మేం వెళ్లినప్పుడు కూడా లేదు. మీరు వెళ్లేముందు మ్యూజియం సైట్‌లో చూసుకోండి. బస్సు లేకపోయినా వెళ్లాలా అంటే నేనైతే వెళ్లమనే చెప్తా, కాకపోతే ఏది ముందు చూస్తారు ఏది తర్వాత చూస్తారు అన్నదాన్ని బట్టి ఉంటుంది మజా అంతా.

అమ్మానాన్న వైజాగ్ నుంచి వచ్చి ఉన్నారు, నాన్న నేవల్ డాక్‌యార్డ్‌లో చేసి రిటైర్ అయ్యారు, ఆయన కోసమే ఈ ప్లాన్. ఫీనిక్స్ పక్కన మేముండే చాండ్లర్ నుంచి ఐ-10 హైవే మీద గంటన్నర డ్రైవ్, దార్లో చూడ్డానికి పెద్దగా ఏం లేదు, ఎండాకాలంలో అయితే పికాచో పీక్ చుట్టుపక్కల దుమ్ము తుఫాన్లు వస్తాయి, ఆ సీజన్లో పొద్దున్నే దాటేయడం మంచిది.

మ్యూజియంకి తలుపులు తీసే టైమ్‌కే వెళ్లిపోండి. 80 ఎకరాలు, దాదాపు 400 విమానాలు, అందులో చాలా వరకు ఆరుబయటే, నీడ ఉండదు. పెద్దవాళ్లతో వెళ్తే ముందు బయటివి చూసేసి ఎండ ముదిరాక హ్యాంగర్లలోకి దూరాలి, చాలామంది దీనికి రివర్స్‌లో చేసి మధ్యాహ్నానికి వాడిపోయి కూర్చుంటున్నారు. అక్కడి వాలంటీర్లలో ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయనలు ఉంటారు, వాళ్లని కదిలించండి, బోర్డుల మీద రాసినదానికంటే పదింతలు చెప్తారు. యార్డు ఎలా నడుస్తుందో మాకు తెలిసింది వాళ్ల దగ్గరే.

యార్డుని ఇక్కడే ఎందుకు పెట్టారంటే వాన ఏడాదికి 12 అంగుళాల లోపే, గాల్లో తేమ తక్కువ, తుప్పు మెల్లగా పడుతుంది. నేల కూడా సున్నపు పొరతో సిమెంటులా గట్టిగా ఉంటుంది, కాంక్రీటు పొయ్యకుండానే అంతంత బరువున్న విమానాల్ని నేరుగా నిలబెట్టేయొచ్చు. 1946లో, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిగిలిన బి-29 బాంబర్లు, సి-47 రవాణా విమానాలతో మొదలెట్టారు, ఇప్పుడు 2,600 ఎకరాలు. వచ్చిన విమానాన్ని ముందు శుభ్రంగా కడుగుతారు, ముఖ్యంగా నేవీవి, ఉప్పు పోవాలి కదా. తర్వాత తుపాకులు, ప్రమాదంలో పైలట్‌ని సీటుతో సహా బయటికి ఎగరేసే పేలుడు చార్జీలు తీసేస్తారు. ఇంధనం మొత్తం తోడేసి పల్చటి నూనె ఎక్కించి మళ్లీ తీసేస్తారు, లోపల గొట్టాలకి నూనె పొర అంటుకుని ఉంటుంది. ఆ తర్వాత సందులన్నీ మూసి, పైన రబ్బరు లాంటి పూత, అడుగున నలుపు పైన తెలుపు కొడతారు, ఆ తెలుపు వల్ల లోపల వేడెక్కిపోదు. ఇదంతా నేను తెలుగులో చెప్తుంటే అమ్మ, ఆవకాయ మీద నూనె పోసి జాడీకి గుడ్డ కట్టడమేగా అంది. అంతే మరి!

నాన్న ఆలోచన మాత్రం మన బీచ్ రోడ్డు మీదున్న టీయూ-142 నిఘా విమానం మీదకి పోయింది. 2017లో నేవీ రిటైర్ చేసి వైజాగ్‌లో మ్యూజియంగా పెట్టారే, అది. సముద్రానికి ఎదురుగా ఆ ఉప్పుగాలిలో దాన్ని నిలబెట్టి ఉంచాలంటే ఎంత చాకిరీ చెయ్యాలో డాక్‌యార్డ్‌లో పనిచేసినవాడికే తెలుస్తుంది అంటారాయన.

ఇంకో సంగతి, యార్డుకి చేరినవన్నీ అక్కడే ఉండిపోవు. కొన్నింటిని పార్ట్‌ల కోసం విప్పుతూ ఉంటారు, కొన్ని మళ్లీ ఎగురుతాయి. ఘోస్ట్ రైడర్ అనే బి-52 బాంబర్ 2008లో వచ్చి 2015లో ఎగిరి వెళ్లిపోయి మళ్లీ డ్యూటీలో చేరింది. పాత ఎఫ్-16 ఫైటర్లని పైలట్ లేకుండా ఎగిరే టార్గెట్లుగా మార్చారు. అదృష్టం బాలేనివీ ఉన్నాయి, అణ్వాయుధాలు తగ్గించుకోవడానికి 1991లో సోవియట్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారం 365 బి-52లని నరికేయాల్సి వచ్చింది, 13,000 పౌండ్ల కత్తిని క్రేన్‌తో పైకెత్తి వదిలేవాళ్లు, నరికిన ముక్కల్ని రష్యా శాటిలైట్లకి కనపడేలా 90 రోజులు అలాగే ఉంచేవాళ్లు.

పీమాలో ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్ అనే నిఘా విమానం దగ్గరే జనం అంతా, సెల్ఫీలు కూడా అక్కడే. మనవాళ్లు వెళ్తే మాత్రం బి-24 లిబరేటర్ బాంబర్‌ని వదలొద్దు. అది మన ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ విమానం! యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్లు లిబరేటర్లని కాన్పూర్‌లో వదిలేసి పోతూ ఎవరూ మళ్లీ వాడకుండా పాడుచేసి మరీ పోయారు, మన హెచ్ఏఎల్ వాళ్లు ఆ తుక్కులోంచే ఒక్కోదాన్ని ఎగిరేలా చేసుకుని బెంగళూరు పట్టుకెళ్లి పూర్తిగా బాగుచేశారు, 1968 దాకా ఎయిర్‌ఫోర్స్ నడిపింది కూడా. వాటిలో ఒకటి 1969లో ఇక్కడికొచ్చింది. బ్లాక్‌బర్డ్ దగ్గర ఐదు నిమిషాలు కూడా ఆగని నాన్న దీని కింద నిలబడి రివెట్లు చూస్తూ కదల్లేదు, అమ్మ రెండుసార్లు పిలవాల్సొచ్చింది. నా లెక్కలో టికెట్ డబ్బులు ఇక్కడే వసూలైపోయాయి.

ఇదంతా అయ్యాకే కోల్బ్ రోడ్ ఎక్కండి. మ్యూజియం నుంచి దగ్గరే, బేస్ కంచె పక్కనే పోతుంది, కార్లోంచే వరసలు వరసలుగా విమానాలు కనిపిస్తాయి, ఆగడానికి లేదు కాబట్టి డ్రైవర్‌కి దక్కేది తక్కువ, వెనక సీట్లో కూర్చున్నవాళ్లకే పండగ. ఇదే ముందు చూసి ఉంటే తెల్లగా ఏవో బొమ్మలు అనిపించి ఊరుకునేవాళ్లం, వాలంటీర్ల దగ్గర అంతా విన్నాక చూస్తే ఏది మూటకట్టి దాచింది, ఏది పార్ట్‌ల కోసం విప్పుతున్నది అని మా నాన్నే గుర్తుపట్టి చెప్తున్నారు. 2024 నుంచి ఇదే బేస్‌లో ఎగిరే ఏ-10 యుద్ధ విమానాలు కూడా రిటైరై ఇందులోకే వస్తున్నాయి. చివరి ప్రయాణం రన్‌వే అవతలికే అన్నమాట.

బస విషయానికొస్తే ఎయిర్‌పోర్ట్ వైపు చవక, మ్యూజియంకి దగ్గర. మేం అక్కడే దిగాం, రూమ్‌లో ఏసీ రాత్రంతా గడగడమంది, రెండోసారి అడిగాక గానీ వేరే రూమ్ ఇవ్వలేదు, బ్రేక్‌ఫాస్ట్ అంటే చల్లారిన గుడ్లు, బ్రెడ్ అంతే. మళ్లీ వెళ్తే కాస్త ఎక్కువైనా యూనివర్సిటీ వైపు తీసుకుంటా, తిండికి అటే నయం. టూసాన్‌ని తిండి విషయంలో యునెస్కో 2015లో గుర్తించింది, సోనోరన్ హాట్ డాగ్ ఇక్కడ ఫేమస్, కానీ దానికి బేకన్ చుట్టి ఇస్తారు, వెజ్ వాళ్లకి బీన్స్ బురిటోయే దిక్కు. మేం పులిహోర పట్టుకెళ్లాం కాబట్టి గొడవ లేదు.

ఇంకో రోజు చేతిలో ఉంటే సహువరిటా దగ్గర టైటన్ మిస్సైల్ మ్యూజియం. అమెరికా, సోవియట్ పోటీ రోజుల్లో అణుబాంబులు మోయడానికి పెట్టిన 54 టైటన్ క్షిపణుల్లో 18 టూసాన్ చుట్టూనే ఉండేవి, చూడ్డానికి మిగిలింది ఈ ఒక్క చోటే. 103 అడుగుల క్షిపణి నేల కింద అలాగే నిలబడి ఉంది, పైన మూత సగం తెరిచి కదలకుండా బిగించేశారు, ఇదీ శాటిలైట్లకి కనపడాలనే. గైడ్‌తో పాటే దిగాలి, ముందే బుక్ చేసుకోండి, 55 మెట్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. అమ్మ పైనే కూర్చుంది, నాన్నా నేనూ దిగాం, కంట్రోల్ రూమ్‌లో తాళం తిప్పి చూపించే డెమో పిల్లలకి బాగా నచ్చుతుంది.

తిరుగుదార్లో మరానా దగ్గర పినాల్ ఎయిర్‌పార్క్ అని ఇంకోటి ఉంది, ఎక్కువగా ఎయిర్‌లైన్స్ విమానాలు పడి ఉంటాయి. ఓపిక ఉంటే దూరం నుంచి ఓ చూపు చూడొచ్చు గానీ దానికోసం పనిగట్టుకుని హైవే దిగక్కర్లేదు.